నాలుగు గోడలు విన్నది

ఆ రోజు తుర్సెల్ ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు.

పై గదిలో మంచం మీద, వాల్బ్రెన్ సీమను ఏలే దొరసాని మెలిసెండ్, పురిటినొప్పుల్లో. ఆమె పక్కన మంత్రసాని ఒదీర్న్. ఆ గదిని ఆనుకుని ఉన్న చిన్న గదిలో, బిడ్డ పుడితే పాలివ్వడానికి పిలిపించిన దాది జిలెట్. మెట్ల కింద ప్రార్థన చదువుతూ ఫాదర్ బెర్ట్రాన్. హాల్లో పొయ్యికి ఈ పక్కన దొరసాని భర్త, బ్రోసాక్ వంశపు గీ దొర. ఆ పక్కన దొరసాని చిన్నాన్న కొడుకు, తెర్వాన్ వంశపు ఎమెరీ దొర. వంటింట్లో వంటామె మాహో. ఆమెకి చెవుడు.

మొత్తం ఏడుగురు. ఎనిమిదో మనిషి లెక్కలోకి వస్తాడా రాడా అని తేల్చడానికే నన్ను పిలిచారు.

ఈ జాబితా నేను రాసింది కాదు. న్యాయసభ గుమాస్తా జోస్ రాశాడు. నేను వచ్చేసరికి హాల్లో బల్ల ముందు కూర్చుని రాసే ఈకను చెక్కుకుంటున్నాడు. తలెత్తకుండానే అన్నాడు.

"రండి, ఎర్సెండమ్మా. మీకు పెద్ద పనేం లేదు. ఒక ప్రశ్న, ఒక జవాబు. సాయంత్రపు గంట కొట్టేలోపు చెప్పేసి వెళ్లిపోవచ్చు."

నేను ఈ సీమ న్యాయసభ ముందు ప్రమాణం చేసిన స్త్రీని. మగవాళ్లు అడుగుపెట్టకూడని గదుల్లో ఏం జరిగిందో చూసి చెప్పడం నా పని. పదిమందిలో మాట్లాడాలంటే నాకు ఇప్పటికీ గొంతు పెగలదు. ఒక గదిలో ఒక మనిషి ఎదురుగా కూర్చుంటే మాత్రం నాకు తిరుగులేదు. అది జోస్‌కి తెలుసు. అందుకే ఎప్పుడూ నాతో నలుగురిలోనే మాట్లాడతాడు.

"ప్రశ్న చదవండి," అన్నాను.

చదివాడు. "ఈ పెట్టెలో ఉన్న బిడ్డ, ఈ ఇంటి నాలుగు గోడల మధ్య పుట్టి, ఏడ్చాడా?"

మా ఆచారం ఇంతే. ఏలే దొరసాని పురిట్లో పోతే, బిడ్డ ఏడుపు నాలుగు గోడలు విన్నాయా అని అడుగుతారు. విన్నాయంటే బిడ్డ బతికి పుట్టినట్టు, ఒక్క క్షణమైనా సీమను ఏలినట్టు. తర్వాత ఆ బిడ్డ పోయినా, తండ్రి ఉన్నంతకాలం సీమ తండ్రిదే. వినలేదంటే ఆ బిడ్డ పుట్టనే లేదు. సీమ దొరసాని పుట్టింటివాళ్లకి పోతుంది. నూటపదేళ్ల కిందట ఒర్లాక్ వంశం నుంచి తెర్వాన్ వంశానికి సీమ మారింది ఒక పసివాడి ఏడుపు మీదే. ఆ ఏడుపు ఏటి అవతలికి కూడా వినపడిందట. ఇప్పుడు తెర్వాన్ నుంచి బ్రోసాక్‌కి మారాలన్నా అలాంటి ఏడుపే కావాలి.

మొన్న మధ్యాహ్నం దొరసాని పోయింది. బిడ్డ చచ్చే పుట్టాడని ఒదీర్న్ శిలువ మీద చెయ్యేసి చెప్పింది. ఏడుపు విన్నామని గీ దొర, ఫాదర్ బెర్ట్రాన్ కూడా శిలువ మీదే చెప్పారు. ఎవరో ఒకరు అబద్ధమాడారు. అబద్ధం ఒదీర్న్‌ది అయితే, ప్రమాణం తప్పిన మంత్రసానిని మా దగ్గర ఏట్లో ముంచుతారు. ఆమెను అప్పుడే పాలగదిలో పెట్టి తాళం వేశారు.

నాకు పని నేర్పింది ఒదీర్నే. నా చేత్తో మొదటి బిడ్డను పట్టుకున్నప్పుడు వెనక నుంచి నా మోచేతులు పట్టుకుని నిలబడింది ఆమే.

"అవును లేదా కాదు," జోస్ అన్నాడు. "అంతకుమించి ఒక్క మాట రాయను. పోయినసారి మీరు చెప్పిన జవాబు రాయడానికి నాకు రెండు రాత తోళ్లు ఖర్చయ్యాయి."

"పోయినసారి మీరడిగిన ప్రశ్నే తప్పు, జోస్ గారూ."

"ఈసారి తప్పు లేకుండా రాశాను. కావాలంటే మళ్లీ చదువుతాను."

"అక్కర్లేదు. నాకు ఒక్కసారి వింటే చాలు."

హాల్లో ఎవరో నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. తల వంచుకుని గీ దొర దగ్గరికి వెళ్లాను.

గీ దొర పెద్ద మనిషి, పెద్ద గొంతు. రెండు రోజులుగా గడ్డం గీసుకోలేదు.

"విన్నాను. రెండుసార్లు విన్నాను."

"ఎప్పుడు, దొరా?"

"మధ్యాహ్నపు గంట ఆగిన కాసేపటికి."

"మీరెక్కడున్నారు?"

"ఇక్కడే, ఈ పొయ్యి దగ్గర."

"ఇక్కడి నుంచి పై గదికి పదిహేడు మెట్లు, రెండు తలుపులు."

"నా కొడుకు గొంతు నాకు వినపడదా?"

"ఏడుపు వినగానే కొడుకని ఎలా తెలిసింది దొరా?"

ఆయన ముఖం ఎర్రబడింది. "తర్వాత చెప్పారు."

"అంటే అప్పుడు విన్నది ఒక ఏడుపు. కొడుకును తర్వాత చేర్చారు."

"మాటలు బాగా నేర్చావు!"

"చేర్చడం తప్పని అనలేదు. ఏది ముందో, ఏది తర్వాతో నాకు విడివిడిగా కావాలి, అంతే."

ఎమెరీ దొర పొయ్యికి అవతల అక్రోట్లు పగలగొట్టుకుంటూ ఇదంతా వింటున్నాడు. నాకు ఒకటి అందించబోయాడు. నేను తీసుకోలేదు.

"మీరేం విన్నారు, దొరా?"

"పిల్లిని."

"ఈ ఇంట్లో పిల్లి లేదు. వంటామెకి పిల్లులు పడవట."

"అయితే తెలివైన పిల్లి. చెవిటామెకు కనపడకుండా తిరుగుతోంది." పప్పు నోట్లో వేసుకున్నాడు. "చూడమ్మా, నేను విన్నానంటే సీమ మా బావది. వినలేదంటే నాది. నా చెవుల్ని నువ్వెందుకు నమ్మాలి? నమ్మకు. వెళ్లి ఫాదర్‌ని అడుగు."

నిజమే చెప్పాడు. ఈ ఇద్దరి చెవులూ నాకు పనికిరావు. ఫాదర్ బెర్ట్రాన్‌కి మాత్రం ఈ సీమ ఎవరిదైనా ఒకటే. ఆయన్ని బయట మెట్ల మీదికి తీసుకెళ్లాను.

"మధ్యాహ్నపు గంట ఆగింది. నేను పరలోక ప్రార్థన మొదలుపెట్టాను," అన్నాడు. "మూడోసారి చదువుతూ రోజువారీ ఆహారం అన్న మాట దగ్గరికొచ్చాను. అప్పుడు వినపడింది."

"ఎలా వినపడింది?"

"ఏడుపమ్మా. ఏడుపు ఎలా ఉంటుంది?"

"పది రకాలుగా ఉంటుంది. ఏడ్చి చూపించండి."

"నేనా?"

"ఇక్కడ ఇంకెవరున్నారు ఫాదర్?"

ఆయన అటూ ఇటూ చూసి, గొంతు సవరించుకుని, ఏడ్చి చూపించాడు. కేర్‌మని ఒకటి, సన్నగా, చివర విరిగిపోతూ. ఊపిరి తీసుకునేంత ఆగి ఇంకొకటి. తర్వాత ఠక్కున ఆపేశాడు. గుర్రాల దగ్గరున్న మనిషి ఒకడు చేతిలో గడ్డి జారవిడిచి మా వైపు చూశాడు.

"ఎందుకు ఆపారు?"

"అలాగే ఆగింది. నోట్లో ఏదో పెట్టినట్టు."

"ఒదీర్న్ బయటికి ఎప్పుడొచ్చింది?"

"ఇంకో పన్నెండు ప్రార్థనలయ్యాక. బిడ్డ చచ్చే పుట్టాడు, దొరసాని కూడా పోయింది అంది. నేను పైకి పరిగెత్తాను. నన్ను ముందే పిలవలేదేమని అడిగితే జవాబు చెప్పలేదు. బిడ్డ బతికుంటే ఆమే నీళ్లు పోసి బాప్తిస్మం ఇచ్చేది కదమ్మా? నలభై ఏళ్లలో ఒక్క బిడ్డను కూడా ఆమె అలా వదల్లేదు. ఏడ్చిన బిడ్డను ఎందుకు వదుల్తుంది? అదే నాకు నిద్ర పట్టనివ్వట్లేదు. విన్నాను. నా చెవులతో విన్నాను. కానీ ఆమె అబద్ధమాడిందంటే కూడా నమ్మలేను."

ఫాదర్ అబద్ధమాడటం లేదు. ఒదీర్న్ కూడా ఆడటం లేదనుకుంటే, ఈ ఇంట్లో ఇంకో గొంతు ఉండాలి.

పైకి వెళ్లాను. దొరసాని గది కడిగి తుడిచేశారు. మంచం మీద గడ్డి కూడా మార్చేశారు. అక్కడ చూడటానికేం మిగల్లేదు. పక్క గది తలుపు తోశాను.

జిలెట్ చిన్న పీట మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. బొగ్గులు కాల్చేవాడి భార్య. ఇరవై ఏళ్లుంటాయేమో. గోళ్ల చుట్టూ నలుపు ఇంకా పోలేదు. ఒళ్లో గుడ్డల్లో చుట్టిన పసివాడు పాలు తాగుతున్నాడు.

నాకు నవ్వొచ్చినంత పనయింది. ఏడుగురట! పనివాళ్ల చంటిపిల్లల్ని మా సీమలో ఎవరూ విడిగా రాయరు. తల్లితో కలిపి ఒకరే. జోస్ కూడా అలాగే రాశాడు. తప్పు లేకుండా రాశాడట.

"నీ బిడ్డా?"

"నా బిడ్డే అమ్మగారూ."

"పేరు?"

"కోలా."

"ఎన్నాళ్లవాడు?"

"తొమ్మిది రోజులు... మొన్నటికి."

"మొన్న మధ్యాహ్నం ఏడ్చాడా?"

గోడ వైపు చూసింది. "ఏడ్చాడు. రొమ్ము నోట్లో పెట్టాను. ఊరుకున్నాడు."

కేర్, కేర్, ఠక్కున ఆగడం. ఫాదర్ ఏడ్చి చూపించింది అదే. చిక్కు విడిపోయింది. నాలుగు గోడలు ఏడుపు విన్నాయి, కానీ దొరసాని బిడ్డది కాదు. ఫాదర్ నిజం, ఒదీర్న్ నిజం. గీ దొర కూడా అబద్ధమేం ఆడలేదు, ఆశపడ్డాడంతే. సాయంత్రపు గంటకి ఇంకా రెండు గంటల పొద్దుంది. కిందికి దిగి "లేదు" అని చెప్పేస్తే పాలగది తాళం తీస్తారు.

కానీ నా కళ్లతో చూడకుండా నేను దేనికీ ప్రమాణం చెయ్యను. అది కూడా ఒదీర్న్ నేర్పిందే.

పెట్టెను ప్రార్థన గది బయట వసారాలో పెట్టారు. లోపల పెట్టకూడదు. జవాబు తేలేదాకా ఆ బిడ్డ ఎక్కడివాడో ఎవరికీ తెలియదు. ఏడ్చిన బిడ్డయితే లోపల తల్లి పక్కన. ఏడవని బిడ్డయితే బాప్తిస్మం లేనట్టే, శ్మశానం గోడ బయట, కంచె పక్కన.

"మళ్లీ విప్పాలా?" అని నిట్టూర్చాడు ఫాదర్. ముసలాయన వేళ్లు చలికి వంకర్లు పోతున్నాయి. నేనే విప్పాను.

ముందు చేతులు చూశాను. గోళ్లు బాగానే పెరిగాయి. కడుపులో ఎక్కువ రోజులున్న బిడ్డకి అలా ఉండొచ్చు. మడమల దగ్గర చర్మం పొరలు పొరలుగా లేచి, కింద కొత్త చర్మం వచ్చింది. అదీ ఉండొచ్చు. చంకలో, తొడ మడతల్లో పుట్టినప్పటి తెల్లటి జిగురు లేదు. ఒదీర్న్ తుడిచి ఉండొచ్చు.

తర్వాత బొడ్డు చూశాను.

ఒదీర్న్ బొడ్డుతాడు ఎప్పుడూ రెండు వేళ్ల ఎడం వదిలి కోస్తుంది. నార దారంతో రెండు ముళ్లు వేస్తుంది. రెండో ముడి మొదటిదానికి అడ్డంగా ఉంటుంది. ఈ సీమలో ఆ ముడి ఇంకెవరూ వెయ్యరు, నేను తప్ప. ఆ ముడి కోసమే చూశాను.

ముడి లేదు. తాడే లేదు. బొడ్డు ఎండి, రాలి, మూసుకుపోయి ఉంది.

చచ్చి పుట్టిన బిడ్డ బొడ్డు ఎండదు. రాలదు. మూసుకోదు. దానికి బతకాలి. వారమో, ఎనిమిది రోజులో, తొమ్మిది రోజులో పాలు తాగి, ఏడ్చి, బతకాలి.

గుడ్డ మళ్లీ చుట్టాను. ఫాదర్ నా ముఖం చూసి, "ఏమైందమ్మా?" అన్నాడు. "చలి," అన్నాను.

రెండోసారి పైకి వెళ్లేటప్పుడు పదిహేడు మెట్లూ లెక్కపెట్టాను. ఆ లెక్క నాకు అక్కర్లేదు. అయినా లెక్కపెట్టాను. జిలెట్ అక్కడే, ఆ పీట మీదే ఉంది. నేను నేల మీద ఆమెకి ఎదురుగా కూర్చున్నాను.

"జిలెట్, సాయంత్రం పెట్టెను పాతిపెడతారు."

"ఊఁ."

"గోడ బయట. బాప్తిస్మం కాని బిడ్డ కదా."

"వాడికి అయింది!" అంది. "మా ఊరి చర్చిలో, మూడో రోజునే, మా అన్న చేతుల్లో..."

అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇంకో చెయ్యి ఒళ్లో ఉన్న పసివాడి మీద పడింది.

పసివాడి గుడ్డలు వదులు చేశాను. ఆమె అడ్డు చెప్పలేదు. బొడ్డుతాడు ఇంకా పచ్చిగా ఉంది, చివర్న నల్లబడుతోంది. రెండు వేళ్ల ఎడం. నార దారం. అడ్డంగా రెండో ముడి.

"నీవాడు ఎప్పుడు పోయాడు?"

"ఆ రోజు తెల్లవారగానే. జ్వరం. రాత్రంతా కాలిపోయాడు." కళ్లు పొడిగానే ఉన్నాయి. "వీడికి పాలిస్తుంటే వాడికిస్తున్నట్టే ఉంటుంది. ఒక్కోసారి. అమ్మగారూ, నేను ఒప్పుకున్నాను, దొరసాని చెయ్యి పట్టుకుని అడిగింది, ఒప్పుకున్నాను. కానీ గోడ బయట పెడతారని నాకెవరూ చెప్పలేదు. కంచె పక్కన కుక్కలు తవ్వుతాయి. వాడికి పేరుంది. వాడికి దేవుడి దగ్గర పేరుంది."

"కొన్నాళ్లే. తర్వాత లోపలికి తెప్పిస్తాను."

"కొన్నాళ్లంటే ఎన్నాళ్లు?"

"వాడి పేరు మీద ఒట్టేసి చెప్తున్నాను, తెప్పిస్తాను," అన్నాను. ఆమె తల ఊపింది. నా మాట నమ్మి ఊపిందో, అలసిపోయి ఊపిందో నేను ఆగి చూడలేదు.

పాలగది తాళం జోస్ మనిషి తీశాడు. ఒదీర్న్ జున్ను పీపా మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది.

"ఎంతసేపు పట్టిందే నీకు?" అంది నన్ను చూడగానే.

"పొద్దుటి నుంచి."

"నేనైతే మధ్యాహ్నం గంటలోపే పట్టేదాన్ని. ముందు దేన్ని చూశావు, గోళ్లా?"

"గోళ్లే."

"బొడ్డు చూడాలి ముందు. ఎన్నిసార్లు చెప్పాను."

గొంతు తగ్గించి అడిగాను. "ఎందుకు చేశావు? బిడ్డ బతికాడు. సీమ వాడిది. గీ దొర తండ్రి, పద్నాలుగేళ్లదాకా కాపలా ఉంటాడు. అందులో తప్పేముంది?"

"పద్నాలుగేళ్లదాకా," అంది ఒదీర్న్. "వాడు బతికితే తండ్రి పద్నాలుగేళ్లు ఏలతాడు. వాడు పోతే తను చచ్చేదాకా ఏలతాడు. దొరసాని ఆ మనిషితో ఆరేళ్లు కాపురం చేసింది. నాకంటే ఆమెకే బాగా తెలుసు. ఇక ఆ ఎమెరీ సంగతి నీకు చెప్పాలా? ఇద్దరికీ కావాల్సింది చచ్చిన పిల్లాడే. ఒకడికి ఏడ్చి చచ్చినవాడు కావాలి, ఇంకొకడికి ఏడవకుండా చచ్చినవాడు కావాలి. 'వీణ్ణి వాళ్లిద్దరికీ ఇవ్వకు ఒదీర్న్' అంది. అదే ఆఖరి మాట."

"నీళ్లు పోశావా?"

"పొయ్యకుండా ఉంటానా? పేరు కూడా పెట్టాను."

"ఏం పేరు?"

"చెప్పను. నీకు తెలిస్తే నిన్నడుగుతారు."

"నిన్ను ముంచేస్తారు, ఒదీర్న్."

"నాకు ఈత రాదు, త్వరగానే అయిపోతుంది," అని నవ్వింది. కానీ మోకాళ్ల మీద చేతులు గట్టిగా పట్టుకుంది.

నేను ఆలోచించాను. నిజం చెబితే ఒదీర్న్ ఏట్లోకి, బిడ్డ గీ దొర చేతుల్లోకి. అబద్ధం చెబితే నేను నేను కాను. కానీ జోస్ నన్ను అడగబోయేది ఏమిటి? ఈ పెట్టెలో ఉన్న బిడ్డ, ఈ ఇంటి నాలుగు గోడల మధ్య పుట్టి, ఏడ్చాడా?

పెట్టెలో ఉన్న బిడ్డ పుట్టింది బొగ్గులవాడి గుడిసెలో.

"లేదు" అనేది నిజం. ఒక్క అక్షరం కూడా అబద్ధం లేని నిజం. జోస్ తనే రాసి, నాకు చదివి వినిపించి, ఇంకో మాట రాయనని ఒట్టు పెట్టుకున్న నిజం.

"ఇవాళే బయల్దేరతాం," అన్నాను. "నువ్వు, నేను, జిలెట్, బిడ్డ. కంచరగాడిద మీద మూడు రోజులు. మన సీమకు పైన డ్యూక్ ఒక్కడే. తండ్రి కాకుండా వేరేవాళ్లను కాపలా పెట్టగలిగింది ఆయనొక్కడే. బిడ్డను ఆయన ముందు పెట్టి, గుడ్డలు విప్పి, నీ ముడి చూపిస్తాను. అప్పుడు మొత్తం చెప్తాను."

ఒదీర్న్ పీపా మీంచి దిగింది. "ఆ ముడి నీకు నేర్పడం మంచిదే అయింది," అంది.

సాయంత్రపు గంటకి హాలు నిండింది. అందరి కళ్లూ నా మీదే. అయినా ఈసారి నా చేతిలో జోస్ జాబితా ఉంది. దాన్నే చూస్తూ మొదలుపెట్టాను.

"ఇందులో ఏడుగురున్నారు. ఒక పేరు లేదు. దాది జిలెట్‌తో తొమ్మిది రోజుల పసివాడున్నాడని ఎవరూ రాయలేదు. ఫాదర్ విన్న ఏడుపు జిలెట్ ఉన్న గదిలో నుంచి వచ్చింది. ఆమె రొమ్ము పెట్టగానే ఆగిపోయింది. ఫాదర్ అబద్ధం చెప్పలేదు."

గుసగుసలు. జోస్ ఈకను ఆపి, "అయ్యో, నిజమే," అన్నాడు. "ఎంత పొరపాటు!"

"పొరపాట్లు మనుషులు చేసేవే, జోస్ గారూ. ప్రశ్న అడగండి."

అడిగాడు. ఒక్కో మాటా నిదానంగా చదివాడు. ఈ పెట్టెలో ఉన్న బిడ్డ. ఈ ఇంటి నాలుగు గోడల మధ్య పుట్టి. ఏడ్చాడా.

శిలువ మీద చెయ్యేశాను. "లేదు."

గీ దొర కుర్చీ వెనక్కి పడింది. ఆయన అరుస్తున్నాడు. ఆయన మనుషులు ఆయన్ని పట్టుకుంటున్నారు. ఒదీర్న్‌ని వదిలేయమని ఎవరో కేకేశారు. నేను నిలబడ్డచోటే నిలబడ్డాను. జీవితంలో మొదటిసారి అంతమంది ముందు తల వంచలేదు.

జోస్ సిరా ఆరడానికి ఇసుక చల్లి, ఊదాడు. అందరి ముందు పొరపాటు బయటపడ్డ మనిషి అంత నెమ్మదిగా ఊదడు. నాకు అప్పుడే అనిపించి ఉండాల్సింది.

ఎమెరీ దొర లేచి నిలబడ్డాడు. ఇప్పుడు సీమ ఆయనది. హాలు సద్దుమణిగింది.

"మా అక్క పోయింది. దుఃఖంలో పంతాలొద్దు," అన్నాడు మెత్తగా. "ఫాదర్, ఆ పసివాణ్ణి కంచె పక్కన పెట్టొద్దు. గోడ లోపల చోటివ్వండి."

"ప్రభూ," ఫాదర్ తడబడ్డాడు, "బాప్తిస్మం కాని బిడ్డను..."

"అయిందనుకోండి." ఎమెరీ దొర చిన్నగా నవ్వాడు. "మా ఆవిడకి పాలు పడటం లేదు. ఆ దాదిని, ఆమె పిల్లాణ్ణి నా బండిలో మా ఇంటికి పంపండి. పిల్లాడు జాగ్రత్త."

మంచివాడే అనుకున్నాను. రెండు అడుగులు వేశాను. మూడో అడుగు పడలేదు.

చచ్చి పుట్టిన బిడ్డకి గోడ లోపల చోటివ్వమని ఏ ప్రభువూ అడగడు. అడిగితే అది పాపం, అందరికీ తెలుసు. బాప్తిస్మం అయిందని తెలిసినవాడు మాత్రమే అడుగుతాడు. అయిందని తెలియాలంటే, పెట్టెలో ఉన్నది ఎవరో తెలియాలి. పెట్టెలో ఎవరో తెలిస్తే, దాది ఒళ్లో ఎవరో కూడా తెలిసినట్టే.

"ఫాదర్," అన్నాను, "నాకంటే ముందు పెట్టె విప్పిందెవరు?"

"జోస్ గారు. నిన్న పొద్దున. చాలాసేపు చూశారు."

బల్ల దగ్గర జోస్ నా వైపు చూసి తల వంచాడు, పని బాగా చేసినవాళ్లకి పెద్దమనుషులు వంచినట్టు. ఆ ప్రశ్నను అంత జాగ్రత్తగా ఎందుకు రాశాడో అప్పుడు తెలిసింది. ఎమెరీ దొర కోసం, నేను "లేదు" అనగలిగేలా రాశాడు. జాబితాలో ఆ పేరు మరిచిపోలేదు. నేను కనిపెట్టి గర్వపడాలని వదిలేశాడు.

పైకి పరిగెత్తాను. మెట్లు లెక్కపెట్టలేదు.

జిలెట్ ప్రయాణానికి సిద్ధంగా ఉంది. మూట కట్టింది. పసివాణ్ణి కొత్త ఉన్ని శాలువలో చుట్టింది. ఆ శాలువ ఆమెది కాదు.

"జిలెట్, వెనక మెట్ల నుంచి పద. ఒదీర్న్ కంచరగాడిద దగ్గర ఉంటుంది. ఇప్పుడే."

కదల్లేదు.

"ఆ ఇంటికి వెళ్తే వీడు వారం బతకడు. వాళ్లకి తెలుసు. వీడెవరో వాళ్లకి తెలుసు."

"తెలుసమ్మగారూ. జోస్ గారొచ్చి చెప్పారు, మీరు పాలగదిలో ఉన్నప్పుడు." తలుపు మీద చెయ్యేసింది. గోళ్ల చుట్టూ నలుపు. "నా కోలాని లోపల పెడతామన్నారు. గోడ లోపల, రాయి కింద. ఫాదర్ ప్రార్థన కూడా చదువుతాడట."

"నేను తెప్పిస్తానన్నాను కదా. ఒట్టేశాను కదా."

"మీరు కొన్నాళ్లన్నారు," అంది జిలెట్. "వాళ్లు ఇవాళే అన్నారు."

కోపంగా అనలేదు. పసివాడు నిద్రలేస్తాడేమో అన్నట్టు నెమ్మదిగా తలుపు వేసింది. లోపల గడియ పడింది.